అప్‌డేట్: షెడ్డులో హెల్త్ చెకప్‌కి 26 మందిలో 22 మంది వచ్చారు

గాజువాక ఆటోనగర్‌లో ఉచితంగా పెట్టినా మా వర్క్‌షాప్ పనివాళ్లు బీపీ, షుగర్ పరీక్షలకు రావడం లేదు, ఏం చేయాలని పోయిన నెల అడిగాను. మీరు చెప్పినట్టే జీతం కోయకుండా పొద్దున షిఫ్టులోనే పెట్టించి, ఎవరి రిపోర్టు వాళ్ల చేతికే అంటించిన కవర్లో ఇప్పించాను. అసలు భయం అదే, రోగం బయటపడితే పనిలోంచి తీసేస్తారని. రక్తం ఇవ్వడానికి మొదట నేనే చెయ్యి చాపాను. పరగడుపున వచ్చారు కదా, రక్తం ఇవ్వగానే వేడి ఇడ్లీలు పెట్టించాం.

మా పాత వెల్డర్ తనంతట తనే కవరు తెచ్చి చూపించాడు. పరగడుపు షుగర్ 212! మళ్లీ చూసినా 126 లేదా అంతకంటే ఎక్కువే ఉంటే షుగర్ ఉన్నట్టే. "దాహం ఎండకేమో అనుకున్నాను బాబూ" అన్నాడు. మర్నాడే విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లాను, మందులు మొదలయ్యాయి. రాని నలుగురితో విడివిడిగా మాట్లాడుతున్నాను.