అందరిలో కనిపించే టి కణం అందరినీ కాపాడుతుందా?

ముగ్గుపిండి (తిరుపతి):
నిన్న రాత్రి మా బాబాయితో పడ్డ వాదన ఇది. ఒకే వైరస్ సోకినవాళ్లలో, ఏ చుట్టరికమూ లేకపోయినా, టి కణాల (వైరస్ సోకిన కణాలను గుర్తించే తెల్ల రక్తకణాలు) మీద ఒకే రకం గ్రాహకాలు (వైరస్ ముక్కను పట్టుకునే భాగాలు) దొరుకుతున్నాయి. కాబట్టి మనల్ని కాపాడేవి అవేనని, రక్తంలో అవి ఉన్నాయో లేదో చూస్తే చాలని ఆయన అంటాడు. నేను ఒప్పుకోలేదు. టి కణం జన్యు ముక్కలను అతికించి గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. అతుకు దగ్గర కొన్ని డీఎన్‌ఏ అక్షరాలు ఊడతాయి, కొన్ని కొత్తగా చేరతాయి. కొన్ని అతుకులు చాలా సులువు. సంక్రాంతికి మా వీధిలో నాలుగు చుక్కల ముగ్గు ప్రతి ఇంటి ముందూ ఉంటుంది, ఎవరూ ఎవరినీ చూసి వేయరు. పదిహేను చుక్కల మెలికల ముగ్గు ఏ ఒక్క ఇంటి ముందో ఉంటుంది. ఎక్కువమందిలో ఉందంటే తయారవడం సులువని అర్థం, బలమైనదని కాదు.

కపిలతీర్థం:
సగమే ఒప్పుకుంటా అక్కా. ఫ్లూ వైరస్ ఎం1 ప్రోటీన్‌లో తొమ్మిది అమైనో ఆమ్లాల (ప్రోటీన్ గొలుసులోని పూసల్లాంటివి) ముక్క ఒకటుంది. హెచ్‌ఎల్‌ఏ అంటే ఇలాంటి ముక్కలను కణం పైన చూపించే ప్రోటీన్లు, మనిషిని బట్టి వాటి రకం మారుతుంది. వాటిలో ఎ2 రకం (హెచ్‌ఎల్‌ఏ-ఎ2) దాన్ని కణం పైకి తెచ్చి చూపించినప్పుడు పట్టుకోవడానికి పెద్దగా ఎత్తుపల్లాలు ఉండవు. దాన్ని గుర్తించే గ్రాహకాల్లో ఆర్జినిన్-సెరిన్ అనే అమైనో ఆమ్లాల జంట మళ్లీమళ్లీ వస్తుంది. ఆ ఆర్జినిన్ తాళంచెవి పన్నులాగా అక్కడున్న చిన్న సందులో దిగుతుంది. అంటే పట్టు కుదిరింది కాబట్టే ఆ కణాలు పెరిగాయి. ఉత్త సులువే కారణమైతే ఆ జంటే ఎందుకు?

ముగ్గుపిండి:
నిజమే, నా మొదటి మాట దిద్దుకుంటున్నా. సులువూ ఉంది, ఎంపికా ఉంది. కానీ అందరిదీ ఒకే పట్టయితే ప్రమాదం కూడా ఒకటే. కరోనా వైరస్ పైనుండే స్పైక్ ప్రోటీన్‌లో 269 నుంచి 277వ అమైనో ఆమ్లం వరకు ఉన్న ముక్కకు ఎ2 ఉన్నవాళ్లలో ఇలాంటి ఉమ్మడి గ్రాహకాలే వచ్చాయి. 272వ స్థానంలో ప్రోలీన్ పోయి ల్యూసిన్ వస్తే అవి దాన్ని గుర్తించలేకపోయాయి.

మామిడితోట (చిత్తూరు):
2021 మేలో మా ఇంట్లో ఐదుగురికీ పాజిటివ్. మా అత్తకు ఒళ్లు కూడా వెచ్చబడలేదు. మేం నలుగురం మంచాల మీద ఉంటే రాగి సంకటి కెలికి పెట్టింది ఆమే. హెచ్‌ఎల్‌ఏ-బి*15:01 ఉన్నవాళ్లలో లక్షణాలు రాకపోవడం ఎక్కువని, పాత జలుబు కరోనాల వల్ల తయారైన టి కణాలు కొత్తదాన్నీ గుర్తించాయని 2023లో ఒక అధ్యయనం వచ్చింది కదా. మా అత్త సంగతి కూడా అదేనా?

ముగ్గుపిండి:
ఆమె హెచ్‌ఎల్‌ఏ ఏదో తెలియకుండా చెప్పలేం అన్నా. ఆ అధ్యయనంలో ముఖ్యమైన లెక్క తెల్లజాతివాళ్లది. నా బాధంతా ఇక్కడే. ఉమ్మడి గ్రాహకం అనేది ఆ హెచ్‌ఎల్‌ఏ ఉన్నవాళ్ల మధ్యే ఉమ్మడి. యూరప్‌లో ఎ2లోని ఎ*02:01 అనే ఉపరకం బాగా ఎక్కువ. మన దేశంలో ఎ2 ఉన్నా చాలామందిలో అది ఎ*02:11. అక్కడి జాబితా పెట్టుకుని ఇక్కడి రక్తం చూసి 'నీకు రక్షణ లేదు' అని కాగితం ఇస్తే ఎంతమందికి ఊరికే టెన్షన్!

కపిలతీర్థం:
మా నాన్నకు కిడ్నీ మార్పిడి ముందు హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ చేశారు. ఆ కాగితం బీరువాలో ఉండాలి. ఎ అన్న చోట ఏముందో రేపు చూసి పెడతా.