డాలస్ తెలుగు సంఘం గ్రూపు – రేంజర్స్–యాంకీస్ బేస్‌బాల్ ఆట, 2022 అక్టోబరు 4 సాయంత్రం: టికెట్లు, కార్లు, పులిహోర

కార్యదర్శి – సెప్టెంబరు 27, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. టికెట్లు మీ ఫోన్లకు పంపడానికి శుక్రవారం రాత్రే ఆఖరు. 48 సీట్లు కొంటే ఇప్పటికి 31 పేర్లే వచ్చాయి. రాదలచుకున్నవాళ్ళు ఇక్కడే చెప్పండి. విడివిడిగా మెసేజ్‌లు పెడితే వెతుక్కోలేక చస్తున్నాను.
మిగిలిన పనులు:
1. కార్లు. పిల్లలు 26 మంది, ఇప్పటికి 4 కార్లే.
2. పులిహోర, పెరుగన్నం: ఫుడ్ కమిటీ.
3. పోస్టర్లు: టీచర్ గారు.
4. టీషర్టులు ఎవరింట్లో ఉన్నాయి?
5. పార్కింగ్‌లో ఎక్కడ కలుద్దాం?

ఫుడ్ కమిటీ – రాత్రి 10:05
పులిహోర 60 మందికి ఆర్డర్ ఇచ్చేశాను. గిన్నెలు గేటు లోపలికి మోసుకెళ్ళే గొడవ వద్దు. డిక్కీ తెరిచి పార్కింగ్‌లోనే వడ్డించేద్దాం. అయిదున్నరకు మొదలుపెడితే ఆరున్నరకల్లా అయిపోతుంది.

తెలుగు క్లాసు టీచర్ – రాత్రి 10:30
పోస్టర్లు సగం అయ్యాయి. అన్నీ తెలుగులోనే రాయిస్తున్నా, ఒత్తులతో సహా. న్యూయార్క్ యాంకీస్ బ్యాటర్ ఆరన్ జడ్జి మీద ఒకడు "జడ్జి గారూ, కోర్టుకు దసరా సెలవులు!" అని రాశాడు. దిద్దడానికి ఒక్క తప్పు లేదు.

కరీంనగర్ అన్న – రాత్రి 10:41
వాడికి నా తరఫున ఐస్‌క్రీం.

కోశాధికారి – సెప్టెంబరు 28, రాత్రి 10:15
రెండు విషయాలు. మొదటిది చెడ్డ వార్త. 8వ తేదీ దసరా ప్రోగ్రాం హాలు వాళ్ళు ఇన్సూరెన్స్ కాగితం, ఇద్దరు గార్డుల డబ్బు అదనంగా అడిగారు. ఉన్నదంతా లెక్క చూస్తే 1,150 డాలర్లు తక్కువ. శుక్రవారం సాయంత్రంలోగా కట్టకపోతే హాలు వేరేవాళ్ళకు ఇస్తామన్నారు. ఉగాదికి ఏమైందో మళ్ళీ నాతో చెప్పించకండి.
రెండోది. ఇవాళ టొరాంటోలో జడ్జి ఈ సీజన్‌లో 61వ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. 1961లో రోజర్ మారిస్ కొట్టినన్ని. ఇంకొక్కటి పడితే అమెరికన్ లీగ్ రికార్డు (ఉన్న రెండు లీగుల్లో ఇదొకటి). వారాంతం న్యూయార్క్‌లో మూడు ఆటలు, తర్వాత సీజన్ ఆఖరి సిరీస్ మన ఆర్లింగ్టన్‌లోనే. మనం 17 డాలర్లకు కొన్న సీటు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వంద దాటింది. పేర్లు రాని 17 సీట్లు అమ్మేస్తే హాలు గొడవ తీరిపోతుంది. ఆలోచించండి.

ఫ్రిస్కో వదిన – రాత్రి 10:19
మా ఇంట్లో అయిదుగురం వస్తున్నాం. రాసుకోండి.

ప్లేనో – రాత్రి 10:20
మేము నలుగురం. నిన్ననే చెబుదామనుకున్నా.

కార్యదర్శి – రాత్రి 11:02
17 సీట్లూ అయిపోయాయి. నెల రోజులుగా కాళ్ళావేళ్ళా పడితే పలకని వాళ్ళంతా నలభై నిమిషాల్లో పలికారు. జడ్జి గారికి దండం.

కోశాధికారి – రాత్రి 11:10
మంచిది. హాలుకు ఏం కడదాం? చప్పట్లా?

ఇర్వింగ్ తమ్ముడు – సెప్టెంబరు 29, ఉదయం 8:15
అక్కా, ముందే చెప్పేస్తున్నా, తర్వాత తెలిస్తే బాగుండదు. మా ఇంట్లో వాళ్ళకు స్కూలు ఉంది, రాలేరు. మా నాలుగు టికెట్లు రాత్రే అమ్మేశాను. ఒక్కోటి 115. కొన్నది న్యూజెర్సీ నుంచి వస్తున్న వాళ్ళు. నా ఒక్కడి టికెట్ ఉంచుకున్నా.

టీచర్ – ఉదయం 8:22
అవి పిల్లల వరుస మధ్యలో సీట్లు!

కరీంనగర్ అన్న – ఉదయం 8:30
అంటే యాంకీస్ వాళ్ళను తెచ్చి మన పిల్లల ఒళ్ళో కూర్చోబెట్టినవా? శభాష్. ఇంకా నయం, పులిహోర కూడా అమ్మలేదు.

ఇర్వింగ్ తమ్ముడు – ఉదయం 8:34
అన్నా, నా టికెట్లు. నా డబ్బులు.

కోశాధికారి – ఉదయం 8:36
సంఘం రేటుకు వచ్చిన టికెట్లు. అమ్ముకోవడానికి ఇచ్చినవి కావు.

కార్యదర్శి – ఉదయం 8:40
ఆఫీసు టైం. సాయంత్రం మాట్లాడుకుందాం. కార్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

కరీంనగర్ అన్న – సాయంత్రం 6:12
కార్లు సరే. ముందు ఒకటి తేల్చండి. మనం పోతున్నది ఎవరి ఆటకు? ఈ ఏడు మనోళ్ళు తొంభై ఆటల దాకా ఓడిపోయిర్రు, తెలుసు. అయినా మన ఊరి టీం. జడ్జి బ్యాటింగ్‌కు రాంగనే పిల్లలంతా లేచి ఫోన్లు పట్టుకొని చప్పట్లు కొడితే నేను మాత్రం కూసుంట. మన పిచర్ (బౌలర్ లాంటోడు) వాక్ ఇస్తే, అంటే కొట్టరాని బంతులేసి ఉత్తగనే మొదటి మజిలీకి (బేస్‌కు) పంపితే, ఈల వేస్త. రికార్డు కావాలంటే వాళ్ళ ఊర్ల కొట్టుకోమను.

హ్యూస్టన్ బాబాయ్ – సాయంత్రం 7:50
అబ్బాయ్, నేను డాలస్ రాకముందు హ్యూస్టన్‌లో ఉండేవాణ్ణి. 2001 అక్టోబరు మొదట్లో శాన్ ఫ్రాన్సిస్కో బ్యాటర్ బారీ బాండ్స్ మా ఊరొచ్చాడు, ఆ సీజన్‌లో 69 హోమ్ రన్ల మీద ఉన్నాడు. మార్క్ మగ్వైర్ రికార్డు 70, అది రెండో లీగు, నేషనల్ లీగ్‌లోది. మా ఆస్ట్రోస్ వాళ్ళేమో అదే పనిగా బంతులు బయటేసి నడిపించారు. వాళ్ళకూ ప్లేఆఫ్స్ పోరు ఉంది, తప్పు పట్టలేం. కానీ సొంత పిచర్ మీద మా ఊరి జనమే గోల చేశారు. ఎదుటివాడికి రికార్డు రావాలని కాదు. వీడు వెయ్యాలి, వాడు కొట్టాలి, లేదా వీడు వాణ్ణి ఔట్ చెయ్యాలి. ఆ ముచ్చట చూడ్డానికి డబ్బులిచ్చి వచ్చాం కదా! చివరికి 4వ తేదీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, అంటే ఆఖరిదాంట్లో, కుర్ర పిచర్ ఒకడు నేరుగా వేశాడు, 70వది వెళ్ళింది. స్టేడియం అంతా లేచింది. నేనూ లేచాను. ఇంటికొచ్చాక మీ పిన్ని అడిగింది, మనం ఓడిపోతే మీరెందుకు చప్పట్లు కొట్టారని. ఇప్పటికీ జవాబు దొరకలేదు.
పోయిన డిసెంబరులో వాంఖడేలో న్యూజిలాండ్ స్పిన్నర్ ఎజాజ్ పటేల్ మన పది వికెట్లూ తీస్తే మన డ్రెస్సింగ్ రూమే నిలబడింది కదా. 1999లో చెన్నైలో పాకిస్తాన్ 12 పరుగులతో గెలిచిన రోజు మీకు గుర్తుండదు. సచిన్ 136 కొట్టి కూడా ఓడిపోయాం. ఏడుపు మింగుకుని జనం లేచి నిలబడితే, వాళ్ళు మైదానం చుట్టూ పరుగెత్తారు.

ప్లేనో – రాత్రి 8:05
బాబాయ్ గారూ, ఆ మరుసటి వారమే ఢిల్లీలో కుంబ్లేకు తొమ్మిది పడ్డాక శ్రీనాథ్ కావాలని బంతులు వైడ్‌గా వేశాడు, పదోది తనకు పడకూడదని. మనవాడి కోసమైతే అలా చేస్తాం. ఎదుటివాడి కోసం రేంజర్స్ పిచర్ నేరుగా వెయ్యాలా? ఇదేం న్యాయం?

హ్యూస్టన్ బాబాయ్ – రాత్రి 8:11
వెయ్యక్కర్లేదు. పిచర్ వేరు, చూసేవాడు వేరు. పిచర్ వాణ్ణి ఔట్ చెయ్యడానికే వెయ్యాలి. మెత్తగా వేసిస్తే ఆ రికార్డుకే మచ్చ.

ఇర్వింగ్ తమ్ముడు – రాత్రి 8:20
ఇంకో సంగతి కూడా ఉంది. 2001లోనే శాన్ డియాగోలో అరిజోనా పిచర్ కర్ట్ షిల్లింగ్ ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఒక్కణ్ణీ బేస్ ఎక్కనివ్వలేదు. శాన్ డియాగో బ్యాటర్ బెన్ డేవిస్ బంట్ చేసి (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తట్టి) బేస్ ఎక్కేశాడు. డేవిస్ టీం రెండు పరుగులే వెనకబడి ఉంది. అయినా పిరికి పని అని తిట్టారు. నన్నడిగితే డేవిస్‌దే కరెక్టు.

కరీంనగర్ అన్న – రాత్రి 8:24
టికెట్లు అమ్ముకునేటోడు న్యాయం చెప్తుండు.

ఇర్వింగ్ తమ్ముడు – రాత్రి 8:25
సరే అన్నా. నేనీ గ్రూపులో ఉండను.

కార్యదర్శి – రాత్రి 8:26
ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు. అన్నా, ఆ మాట తీసెయ్యి.

టీచర్ – రాత్రి 9:15
నాకు బేస్‌బాల్ ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. పిల్లలు అడిగినవి ఇవి. పిచర్‌కు హిట్ పడకుండా ఆట సాగుతుంటే "నో-హిట్టర్" అనే మాట పైకి అనకూడదట, నిజమేనా? రాత్రిపూట పామును పురుగు అన్నట్టేనా అని మా అమ్మాయి అడిగింది. జడ్జి కొట్టిన బంతి మన దగ్గరికి వస్తే షికాగోలో ఎదుటి టీం హోమ్ రన్ బంతిని విసిరేసినట్టు వెనక్కి విసిరెయ్యాలా?

హ్యూస్టన్ బాబాయ్ – రాత్రి 9:21
పాము సంగతి అంతే అమ్మా, అచ్చంగా అంతే. డగౌట్‌లో (ఆటగాళ్ళు కూర్చునే చోట) ఆ పిచర్ పక్కన ఎవరూ కూర్చోరు కూడా. జనానికి ఆ నియమం లేదు గానీ చాలామంది పాటిస్తారు.

కోశాధికారి – రాత్రి 9:22
బంతి ఎవరికి దొరికినా వెనక్కి విసరకండి. దయచేసి. 1961లో మారిస్ 61వ బంతి దొరికిన కుర్రాడికి 5,000 డాలర్లు వచ్చాయి. మనకు కావలసింది 1,150.

కరీంనగర్ అన్న – రాత్రి 11:48
నిద్ర పట్టలే. నిరుడు మే 19న ఇదే గ్రౌండ్ల నేనున్న. కోరీ క్లూబర్, యాంకీస్ పిచర్, మన మీద నో-హిట్టర్. మనోళ్ళు ఒక్కడే బేస్ ఎక్కిండు, అది కూడా వాక్. అంతకు ఆరు వారాల ముందు శాన్ డియాగో వాడు మస్గ్రోవ్ గూడ ఇక్కడ్నే చేసిండు. ఇది రెండోసారి, నాకు కడుపు మండింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌ల నా వరుసల రేంజర్స్ టోపీలు పెట్టుకున్న ముసలోళ్ళు గూడ లేసి నిలబడ్డరు. ఆఖరి బంతి షార్ట్‌స్టాప్ ఫీల్డర్ దిక్కు దొర్లింది. నేను లేవలే. ముందటోళ్ళ వీపులు అడ్డమొచ్చి ఆ ఆఖరి ఔట్ చూడలే. ఇంటికొచ్చి ఫోన్ల చూసిన.
తమ్మీ, పొద్దుగాల అన్న మాట వాపస్ తీసుకుంటున్న.

ఇర్వింగ్ తమ్ముడు – సెప్టెంబరు 30, ఉదయం 7:05
అన్నా, పర్లేదు. నాలుగు టికెట్లకు 460 వచ్చాయి. నావి 68 పోను 392 హాలుకు పంపేశాను.

హ్యూస్టన్ బాబాయ్ – ఉదయం 7:30
నా నుంచి 200.

ఫుడ్ కమిటీ – ఉదయం 9:10
పులిహోర ఆర్డర్ రద్దు చేశాను, 346 మిగిలింది. అయితే మంగళవారం మధ్యాహ్నం పది ఇళ్ళలో పులిహోర కలపాలి. చింతపండు గుజ్జు నేను చేసి పంచుతా, లేకపోతే పది రుచులొస్తాయి.

కోశాధికారి – మధ్యాహ్నం 3:40
హాలు కట్టేశాం. 212 తక్కువైతే నా కార్డు మీద వేశాను. గుర్తుంచుకోండి.

కార్యదర్శి – అక్టోబరు 3, రాత్రి 10:50
న్యూయార్క్‌లో మూడు ఆటల్లో జడ్జికి ఏమీ పడలేదు, ఇవాళా పడలేదు. రేపు రెండు ఆటలు, మనది సాయంత్రంది. కార్లు 4 దగ్గరే ఉన్నాయి. టీషర్టులు ఎక్కడున్నాయో ఇప్పటికీ తెలియదు. ఎవరికి వీలైన కారులో వాళ్ళు ఎక్కి వచ్చేయండి.

ఫ్రిస్కో వదిన – అక్టోబరు 4, సాయంత్రం 4:55
మధ్యాహ్నం ఆటలోనూ హోమ్ రన్ పడలేదట! మనకే ఉంచాడు.

ఫుడ్ కమిటీ – సాయంత్రం 6:20
రెండు గిన్నెలు ఇంకా హైవే మీదే ఉన్నాయి. వచ్చినవాళ్ళు తినడం మొదలుపెట్టండి. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసిందెవరో గానీ చేతులకు మొక్కాలి.

టీచర్ – సాయంత్రం 6:38
నేను తొమ్మిది మంది పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్తున్నా. వీళ్ళు ఆగేలా లేరు.

కార్యదర్శి – సాయంత్రం 6:57
మిగతావాళ్ళు చేతులు కడుక్కోండి, బయల్దేరుదాం. అన్నా, ఆ గిన్నె వదిలెయ్.

ప్లేనో – సాయంత్రం 7:04
గేటు దగ్గర లైన్‌లో ఉన్నాం. మా ముందు వంద మంది ఉంటారు.

ఫ్రిస్కో వదిన – సాయంత్రం 7:10
లోపల ఏమైంది? ఆ అరుపేంటి?

ప్లేనో – సాయంత్రం 7:10
అయ్యో. అయ్యో అయ్యో.

కరీంనగర్ అన్న – సాయంత్రం 7:11
మళ్ళ చూడలే.

టీచర్ – రాత్రి 8:30
ఇప్పటికి చెయ్యి ఖాళీ అయింది. మొదటి బ్యాటర్ జడ్జే. రాగానే స్టేడియం అంతా నిలబడింది, మా పిల్లలూ నిలబడ్డారు, ఎవరూ చెప్పలేదు. అతని కోసం వేరే బంతులు తెచ్చారు, వాటి మీద గుర్తు ఉంటుందట, మావాడే చూసి చెప్పాడు. అంత మంది ఉండి ఎంత నిశ్శబ్దమో! మా వెనక ఎవరో వేరుశెనక్కాయ వలుస్తున్న చప్పుడు వినబడింది. మన పిచర్ టినోకో, మూడో బంతి. ఎడమ వైపు, సరిగ్గా మా కిందికి వచ్చింది. మొదటి వరుసలో ఒకాయన గ్లవ్‌లో పడింది. ఇంకొకాయన రెయిలింగ్ దూకి గోడకూ సీట్లకూ మధ్య సందులో పడ్డాడు.
దసరా సెలవుల పోస్టర్ వాడు పోస్టర్ దించేసి చప్పట్లు కొడుతున్నాడు. న్యూజెర్సీ నుంచి వచ్చినాయన దాన్ని చూపించి, ఇదేం భాష, ఏం రాసి ఉంది అని అడిగాడు. వీడు కాసేపు నీళ్ళు నమిలి, చివరికి నిజమే చెప్పేశాడు. ఆయన పడీపడీ నవ్వి, పోస్టర్ పట్టుకుని వీడితో ఫోటో దిగాడు. తలకిందులుగా పట్టుకున్నాడు.

ఇర్వింగ్ తమ్ముడు – రాత్రి 8:41
రెండో ఇన్నింగ్స్‌లోనే జడ్జిని ఆటలోంచి తప్పించారు. కరీంనగర్ అన్న సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చాడు. అన్నతో కలిసి లేచి చప్పట్లు కొట్టాం.

కరీంనగర్ అన్న – రాత్రి 8:43
నేను మెట్లెక్కి వస్తున్న. నిలబడే ఉన్న కదా.

కార్యదర్శి – రాత్రి 11:30
రేంజర్స్ 3-2తో గెలిచారు, ఎవరైనా ఆఖరిదాకా చూశారా? ఇత్తడి గిన్నె ఒకటి, మూత లేనిది, నా కారులో ఉంది. ఎవరిది?

కోశాధికారి – డిసెంబరు 18, రాత్రి 9:02
పాత దారం లేపుతున్నందుకు క్షమించాలి. ఆ 62వ బంతి వేలంలో 15 లక్షల డాలర్లకు పోయిందట. నా 212 ఇంకా రాలేదు.