ఇంట్లోవాళ్లకు కృతజ్ఞతలు చెప్పడం దగ్గరితనమా, పరాయితనమా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం):
మొన్న రాత్రి మా అమ్మ అన్నం వడ్డిస్తుండగా మా అబ్బాయి "థాంక్యూ నానమ్మా" అన్నాడు. ఆవిడ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "నేనేమన్నా పరాయిదాన్నా నాయనా?" అని అడిగింది. బడిలో నేర్పిన మర్యాద అని సర్దిచెప్పాను గానీ, నొచ్చుకున్న మాట వాస్తవం. మీరేమంటారు?

మంజీర:
అమ్మగారి పక్షమే నాది. 2018లో భాషా పరిశోధకుడు సిమియన్ ఫ్లాయిడ్ బృందం ఎనిమిది భాషలవారి రోజువారీ సంభాషణలను రికార్డు చేసి పరిశీలించినప్పుడు, అడిగిన సాయం అందిన వెయ్యికి పైగా సందర్భాలలో కృతజ్ఞత మాటగా వెలువడినవి దాదాపు ఇరవైకి ఒకటి మాత్రమే. ఆంగ్లం మాట్లాడేవారు కూడా ఏడింట ఒకసారే చెప్పారు. ఈక్వడార్‌లోని చాపలా భాషలోనైతే అందుకు స్థిరపడిన మాటే లేదు. అయినవాళ్ల మధ్య సాయం అడగడం, చేయడం సహజమని, దానికి రసీదు అక్కరలేదని దీన్నిబట్టి నాకు అర్థమవుతోంది.

తుంగభద్ర:
మంజీర గారితో విభేదిస్తున్నాను. అదే 2018లో మనస్తత్వ పరిశోధకులు అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ ఒక ప్రయోగం ప్రచురించారు. తమకు మేలు చేసినవారికి కృతజ్ఞతతో ఉత్తరం రాయమని కొందరిని కోరి, అందుకున్నవారికి ఎలా ఉంటుందో ముందుగా ఊహించమన్నారు. ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని రాసినవారు భయపడినంతగా చదివినవారికి అనిపించలేదు. పైగా వారి సంతోషం, ఆశ్చర్యం ఊహించినదానికంటే ఎక్కువగా ఉన్నాయి.

నా చదువు ఫీజు కోసం మా మేనత్త తన గాజులు తాకట్టు పెట్టింది. ఆవిడకు నా మనసు తెలియదా అనుకుంటూ ఇరవై ఏళ్లు గడిపేశాను. చివరికి ఒక పండుగనాడు పక్కన కూర్చుని, ఆ గాజులు లేకపోతే నేను ఊళ్లోనే ఉండిపోయేవాణ్ణని చెప్పినప్పుడు, ఆవిడ చాలాసేపు నా చెయ్యి వదలలేదు. "నీకు గుర్తుందిట్రా?" అన్నది ఒక్కటే మాట. గుర్తులేదేమోనన్న అనుమానంతో ఆవిడ అన్నేళ్లు బతికిందన్నమాట.

మన పెద్దలు ఈ విషయంలో మూగవారేమీ కాదు. "నీ కడుపు చల్లగుండ", "చల్లగా ఉండు తల్లీ" అని దీవించేవారు. తమకంటే పెద్దవారైతే "మీ మేలు మరువలేను" అనేవారు. మేలును పేరుపెట్టి తలుచుకోవడమో, ఎదుటివారి క్షేమం కోరడమో అందులో ఉంది. పొడిగా అనే "థాంక్యూ"లో ఆ రెండూ లేవు కాబట్టే అమ్మగారికి అది పరాయి మాటగా వినిపించిందని నా నమ్మకం. ఇంకొక మాట కూడా చెప్పాలి: ఇంట్లో కృతజ్ఞతలు అక్కరలేదనే వాదన తినేవారి నోటనే ఎక్కువగా విన్నాను, వండేవారి నోట అరుదు.

మంజీర:
మేనత్తగారి విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. నేను చెప్పిన పరిశీలన ఉప్పు అందించడం, తలుపు వేయడం వంటి చిన్న సాయాల గురించినది. తాకట్టు పెట్టిన గాజులకు ఆ లెక్క వర్తించదు.

కృష్ణాతీరం:
మరి నలభై ఏళ్లుగా మా అమ్మ వండుతున్న వంటను ఏ లెక్కలో వేయాలి? ఏ ఒక్క పూట తీసుకున్నా అది చిన్న సాయమే. నిన్న రాత్రి ఆవిడ వడ్డిస్తుంటే, నా చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడల్లా చేసిపెట్టిన మిరియాల చారు గురించి మా అబ్బాయికి చెప్పాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, మా పక్కనే కూర్చుని, మిగతా కథ తానే అందుకుంది.