పటం మీద చుక్క తప్పిన చోట పడితే "మీ పట్టిక సరిచేసుకోండి" అన్న జవాబు సరిపోతుందా?

గట్టుమీద (భీమవరం)

నేను భీమవరంలో రొయ్యల మేత పంపిణీ చేసే ఒక సంస్థలో అమ్మకాల లెక్కలు చూస్తాను. పాలకొల్లు, పెనుగొండ, రాజోలు, పి.గన్నవరం, అమలాపురం, యానాంలలో మాకు డీలర్లు ఉన్నారు. ప్రతి నెలా మొదటి వారంలో వెనుకటి నెల అమ్మకాలను ఒక డేటా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, ఊరికో చుక్క చొప్పున పటం తయారుచేసి యజమాని ముందు పెడతాం. చుక్క ఎంత పెద్దదైతే అమ్మకం అంత ఎక్కువని అర్థం.

మొన్న వేసవిలో వరసగా మూడు నెలలు కోనసీమ వైపు చుక్కలు చిక్కిపోయి కనిపించాయి. ఆ వైపు తిరిగే కుర్రాడిని పిలిచి మందలించారు, ఇన్సెంటివ్ ఆపేశారు. "సార్, నేను వేయించిన లోడ్లు బిల్లు పుస్తకంలో ఉన్నాయి, తీసి చూడండి" అన్నదే అతని మాట. చూస్తే నిజంగానే ఉన్నాయి. అప్పుడు పటాన్ని బాగా కుదించి వెతికితే, విజయవాడ పక్కన విమానాశ్రయం ఉన్న గన్నవరం మీద, మాకు ఒక్క డీలరు కూడా లేని చోట, బలిసిన చుక్క ఒకటి కూర్చుని ఉంది. మా గుమస్తాగారు పట్టికలో "పి." వదిలేసి "గన్నవరం" అని మాత్రమే రాశారు, సాఫ్ట్‌వేరేమో రెండింటిలో పెద్ద ఊరిని తనంతట తానే ఎంచుకుంది. పెనుగొండ పేరులో ఇంగ్లిషు అక్షరం ఒకటి మారినందువల్ల ఆ అమ్మకం కాస్తా రాయలసీమలోని పెనుకొండకు వెళ్లిపోయింది.

ఇదంతా ఆ సాఫ్ట్‌వేర్ తయారీదారులకు వివరంగా రాశాను. కొన్ని వారాలకు వచ్చిన జవాబు సారాంశం ఇది: పరికరం ఎలా పనిచేయాలో అలాగే పనిచేస్తోంది, ఊరి కాలమ్‌తో పాటు జిల్లా, రాష్ట్రం, దేశం కాలమ్‌లు జోడించండి, వీలైతే అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి. ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా వాడుకరి చెప్పిన బాధకు ఇది జవాబు అవుతుందా అన్నదే నా సందేహం. నలుగురూ ఏమంటారో వినాలని ఉంది.

లెక్కలపుస్తకం (తణుకు)

గట్టుమీద గారికి, మీ కుర్రాడి విషయంలో జరిగింది అన్యాయమే, ఒప్పుకుంటాను. అయితే ఆ అన్యాయం చేసింది పటం కాదు, బిల్లు పుస్తకం తెరవకుండా పటాన్ని నమ్మిన వాళ్లు. నేను ఇరవై ఏళ్లుగా రైసు మిల్లుల ఖాతాలు రాస్తున్నాను. ఖాతా పేరు పూర్తిగా రాయకుండా "సత్యనారాయణ" అని వదిలేస్తే ఈ జిల్లాలో ఆ జమ ఎంతమంది ఖాతాల్లోకి వెళ్లవచ్చో మీకూ తెలుసు. అప్పుడు తప్పు పుస్తకానిదంటామా, రాసిన చేతిదంటామా? మన దేశంలో 1972 ఆగస్టు 15 నుంచి పిన్ కోడ్ ఉంది. పి.గన్నవరం పిన్ 533తో మొదలవుతుంది, కృష్ణా జిల్లా గన్నవరానిది 521తో మొదలవుతుంది, పెనుగొండది 534, పెనుకొండది 515. ఒక్క కాలమ్ జోడించి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. తయారీదారులు మర్యాదగానూ సరిగానూ జవాబు చెప్పారని నా అభిప్రాయం.

పంటురేవు (నరసాపురం)

లెక్కలపుస్తకం గారూ, తమరు పిన్ కోడ్ మాట ఎత్తారు కాబట్టి పోస్ట్‌మాన్ దగ్గర నుంచే మొదలుపెడతాను. ఉత్తరం మీద "గన్నవరం" అని మాత్రమే ఉంటే పోస్ట్‌మాన్ ఏ గన్నవరమో కనుక్కుంటాడు, కనుక్కోలేకపోతే చిరునామా చాలదని రాసి వెనక్కి పంపుతాడు. తనకు తోచిన గన్నవరంలో తనకు తోచిన ఇంటి గుమ్మంలో పడేసి, బట్వాడా అయిందని సంతకం పెట్టుకోడు. ఈ సాఫ్ట్‌వేర్ చేసింది సరిగ్గా అదే. పట్టికలో లోపం ఉందనడంలో నాకు పేచీ లేదు, ఆ లోపాన్ని చూసి కూడా నోరు మెదపకపోవడంతోనే పేచీ.

లెక్కలపుస్తకం (తణుకు)

పోస్ట్‌మాన్ మనిషి. యంత్రానికి సందేహం వస్తుందని ఆశించడం ఎంతవరకు న్యాయం?

తెరవెనుక (కాకినాడ)

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన చోట నేను కొన్నేళ్లు పనిచేశాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ల మీద వాడుకరులు రాసే ఫిర్యాదులను చదివి విడదీయడమే అక్కడ నా పని.

ముందుగా యంత్రానికి సందేహం వస్తుందా అన్న విషయం. వస్తుంది, పైగా అది ఆ సందేహాన్ని రాసి ఇస్తుంది కూడా. మనం పటం మీద చూసే చుక్కను చాలా సందర్భాల్లో డేటా సాఫ్ట్‌వేర్ స్వయంగా వెతకదు, ఊరి పేరును వేరొక చిరునామా సేవకు పంపి అక్షాంశ రేఖాంశాలు తెప్పించుకుంటుంది. ఉదాహరణకు బింగ్ మ్యాప్స్ చిరునామా సేవ ఒక పేరుకు స్థానం ఇచ్చేటప్పుడు, దాని మీద తనకెంత నమ్మకం ఉందో కూడా ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు మెట్లలో చెబుతుంది. ఒకే పేరుకు ఒకటి కంటే ఎక్కువ ఊళ్లు తగిలితే ఆ సంగతికి వేరే గుర్తు, అడిగిన ఊరు దొరక్క దాని పైస్థాయి ప్రాంతాన్ని ఇస్తే దానికి మరో గుర్తు పెడుతుంది. ఈ రెండో రకం మన లంక గ్రామాలకు బాగా వర్తిస్తుంది. పేరు దొరకని నాలుగు లంకలను నాలుగు చోట్ల కాకుండా జిల్లా మధ్యలో ఒకే బిందువు మీద కుప్ప పోస్తే, అక్కడేదో పెద్ద వ్యాపారం సాగుతున్నట్టు కనిపిస్తుంది. అంటే "ఇది నా ఊహ మాత్రమే" అని చెప్పే గుర్తు సేవ దగ్గర బయలుదేరుతోంది, దాన్ని తెర మీదకు తెచ్చే బాధ్యత పటం గీసే వారిది. గీసేవారు ఆ గుర్తును పారేసి చుక్కను మాత్రమే ఉంచుకుంటే, యంత్రానికి సందేహం రాలేదని మనం అనలేం.

అందరూ ఒకేలా ఉన్నారనీ కాదు. టాబ్లో అనే డేటా సాఫ్ట్‌వేర్‌లో గుర్తించలేకపోయిన స్థానాలు ఎన్ని ఉన్నాయో పటం కింది మూలన ఒక సంఖ్యగా కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఒక్కో పేరునూ సరిచేసే పట్టిక తెరుచుకుంటుంది, ఒకటి కంటే ఎక్కువ ఊళ్లకు సరిపోయే పేర్లను అక్కడ విడిగా చూపుతుంది. చూడడానికి చిన్న ఏర్పాటే, అది ఉండి ఉంటే గట్టుమీద గారి కుర్రాడికి మూడు నెలల ఇన్సెంటివ్ దక్కేది.

ఇక జవాబుల సంగతి. వచ్చిన ఫిర్యాదులను మేము మూడు గంపల్లో వేసేవాళ్లం: పనిచేయవలసినది పనిచేయకపోతే లోపం, లేనిది కావాలంటే కోరిక, ఉన్నది వాడడం తెలియకపోతే సందేహం. మూడో గంపకు తయారుగా రాసి ఉంచిన జవాబులు ఉండేవి, వాటిని అతికించి పంపేస్తే ఆ రోజు లెక్కలో ఒకటి తగ్గేది. మీ ఉత్తరం మూడో గంపలో పడిందని చదవగానే అర్థమైంది, నా అంచనాలో అది మొదటి గంపలో పడవలసిన ఉత్తరం. రెండో గంపలోనూ ఒక చిక్కు ఉంది. కోరికలను ఓట్ల లెక్కన పైకి తెస్తారు. చుక్కల రంగులు మార్చుకునే వీలు కావాలంటే ప్రపంచమంతా ఓటు వేస్తుంది, పెనుగొండకూ పెనుకొండకూ తేడా తెలియాలంటే ఓటు వేసేది మనమే. కనుక "ఓట్లు కూడగట్టండి" అని సలహా ఇవ్వడం మర్యాదగా తలుపు వేయడంతో సమానం. ఆ సలహా నేనూ చాలామందికి ఇచ్చాను.

కొబ్బరితోట (అంబాజీపేట)

తెరవెనుక గారి వివరణ చదివాక నా అనుభవం ఒకటి చేర్చాలనిపించింది. మేము కొబ్బరి, కొబ్బరి పీచు సరుకుల లెక్కను చుక్కలుగా కాకుండా జిల్లాల వారీగా రంగులు నింపిన పటంలో చూస్తాం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కేంద్రంగా మాకు కోనసీమ జిల్లా వచ్చింది, తూర్పు గోదావరి పేరు రాజమహేంద్రవరం వైపు ఉండిపోయింది, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది, ఏలూరు వేరే జిల్లా అయింది. మా సాఫ్ట్‌వేర్‌లోని పటానికి మాత్రం ఈ సంగతి చాలాకాలం తెలియలేదు. పట్టికలో "తూర్పు గోదావరి" అని రాస్తే పాత జిల్లా అంతటికీ రంగు నింపేది, "కోనసీమ" అని రాస్తే ఏ రంగూ నింపకుండా ఖాళీగా వదిలేది. ఒక విధంగా ఖాళీయే నయం, ఏదో తేడా ఉందని చూడగానే తెలుస్తుంది.

దీని మీద మేము రాసినప్పుడు వచ్చిన జవాబు మాత్రం మెచ్చుకోదగినది. సరిహద్దులు తాము వేరొకరి దగ్గర తీసుకుంటామనీ, ఎప్పుడు మారుతాయో మాట ఇవ్వలేమనీ, అంతవరకు సొంత సరిహద్దుల ఫైలును ఎలా ఎక్కించుకోవాలో ఇదిగో అనీ రాశారు. మా అబ్బాయి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో రెండు రాత్రులు కూర్చుని 26 జిల్లాల ఫైలు తయారుచేశాడు. తమ చేతిలో ఏముందో, ఏది లేదో విడమరిచి చెప్పే జవాబుకూ, పట్టిక సరిచేసుకోండి అనే జవాబుకూ ఉన్న తేడా ఇది.

ఇంకొక మాట. పేర్లను వేరొక సేవకు పంపుతారని తెరవెనుక గారు అన్నారు. డీలరు ఊరి పేరు పంపితే నష్టం లేదు, రైతుల ఇంటి నంబర్లతో సహా చిరునామాలు ఎక్కించేవారు మాత్రం అవి ఎక్కడికి పోతున్నాయో ఒకసారి ఆలోచించాలి. ఈ ప్రశ్న అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ పొడిపొడిగానే ఉంటుంది.

పంటురేవు (నరసాపురం)

పనిలో పనిగా నా గోడు కూడా. మా గోదాము చుట్టూ పది కిలోమీటర్ల వలయం గీయమంటే పటం గీస్తుంది, అందులో గోదావరి పాయ వశిష్ఠకు అవతలి ఒడ్డున ఉన్న సఖినేటిపల్లి కూడా పడుతుంది. పటానికి అది కనుచూపు మేర. మా లారీకి మాత్రం, ఏరు దాటించే పంటు ఎక్కితే తప్ప, చించినాడ వంతెన చుట్టి రావలసిన ఊరు. డెల్టాలో వలయాలకు విలువ లేదు, ఏ పాయకు ఏ ఒడ్డున ఉన్నామన్నదే లెక్క. తెరవెనుక గారూ, ఇది మీ ఏ గంపలో పడుతుంది?

తెరవెనుక (కాకినాడ)

రెండో గంపలో, నిస్సందేహంగా. వలయం అన్నది సూటి దూరమని ఎక్కడా దాచలేదు కాబట్టి లోపం అనలేం. దారి దూరం కావాలని కోరవచ్చు, కోరవలసిందే. దీన్ని గట్టుమీద గారి ఫిర్యాదుతో కలిపి ఒకే ఉత్తరంలో రాయకండి. రెండూ కలిస్తే బరువైనది కూడా తేలికైన దానితోనే పోతుంది.

లెక్కలపుస్తకం (తణుకు)

నమ్మకం గుర్తు ఉండి కూడా చూపించకపోతే అది లోపమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఈ విషయం నాకు తెలియదు. అయినా నా మొదటి మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను, ఎందుకంటే అక్షాంశ రేఖాంశాలు ఇస్తే అన్నీ సర్దుకుంటాయని అనుకునేవారు కూడా పొరపాటు పడుతున్నారు. మా మిల్లులో ఆ పనీ జరిగింది. టైపు చేసినవారు 16.5437ను 16.54కు కుదించారు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి, రెండు అంకెలకు కుదిస్తే చుక్క అర కిలోమీటరు వరకు జరగవచ్చు, రేవు పక్కన దుకాణమైతే గోదావరిలో మునుగుతుంది. మరొకసారి రెండు కాలమ్‌లూ తారుమారై, భీమవరం కాస్తా ఉత్తర ధ్రువం వైపు స్వాల్‌బార్డ్ దీవులు దాటి సముద్రంలో తేలింది. అన్నిటికంటే వింత ఏమిటంటే, ఆ అంకెలను సాఫ్ట్‌వేర్ మామూలు సంఖ్యలనుకుని ఒకే డీలరుకు చెందిన భీమవరం, అమలాపురం దుకాణాల అక్షాంశాలను కూడేసింది, రేఖాంశాలనూ కూడేసింది. 33 డిగ్రీల ఉత్తరం, 163 డిగ్రీల తూర్పు. మా బియ్యం జపానుకు తూర్పున పసిఫిక్ మహాసముద్రం నడుమ అమ్ముడుపోయినట్టు తేలింది. కనుక వాడుకరి పట్టికను దిద్దుకోవలసిన పని ఎప్పటికీ తప్పదు.

అయితే అక్షాంశాలను కూడడం కూడా మౌనంగానే జరిగిందని ఇది రాస్తుండగా నాకే తట్టింది. పంటురేవు గారి పోస్ట్‌మాన్ నా మీదనే గెలిచాడు.

గట్టుమీద (భీమవరం)

అందరికీ కృతజ్ఞతలు. తెరవెనుక గారి సలహా ప్రకారం పాత ఉత్తరాన్ని పక్కన పెట్టి, కొత్తగా ఒకటి రాశాను. ఈసారి కథ చెప్పలేదు. మూడే వరుసలు ఉన్న చిన్న పట్టిక జతచేసి, ఏ వరుస ఎక్కడ పడాలో, ఎక్కడ పడిందో, అలా పడినప్పుడు తెర మీద ఏ హెచ్చరికా రాలేదనీ మాత్రమే రాసి, ఒకటి కంటే ఎక్కువ ఊళ్లు తగిలిన పేర్లను విడిగా చూపించమని అడిగాను. లోపంగా నమోదు చేసుకున్నామని రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఎప్పుడు సరిచేస్తారో చెప్పలేదు.

ఈలోగా మేము చేయగలిగింది చేస్తున్నాం. ప్రతి డీలరు పేరు ఎదుట పిన్ కోడ్‌తో పాటు, పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ డైరెక్టరీలో ఆ గ్రామానికి ఉన్న కోడ్ కూడా రాస్తున్నాం. దేశం కాలమ్ కూడా చేర్చాం, ఎందుకంటే ఆరంకెల పిన్‌లు చైనాకూ రష్యాకూ సింగపూరుకూ కూడా ఉన్నాయి. చెరువు గట్ల మీది షెడ్లకు ఇంటి నంబరే ఉండదు కాబట్టి, తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ అనే పది అక్షరాల చిరునామా కోడ్‌ను ప్రయత్నిస్తున్నాం. అది ఇంచుమించు నాలుగు మీటర్ల చదరాన్ని గుర్తిస్తుందట, ఒక షెడ్డుకు అది చాలు. కుర్రాడికి ఆపిన ఇన్సెంటివ్ బకాయితో సహా ఇచ్చేశారు. ఇప్పుడతను నెల మొదట్లో నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, తన చుక్కలన్నీ తానే లెక్కపెట్టుకుని మరీ వెళ్తున్నాడు.

యానాం ఒక్కటే ఇంకా తేలలేదు. పిన్ 533464, అంటే చుట్టుపక్కల మన ఊళ్ల వరసలోదే. కానీ ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది కాబట్టి రాష్ట్రం కాలమ్‌లో ఆంధ్రప్రదేశ్ అని రాస్తే తప్పు, పుదుచ్చేరి అని రాస్తే రాష్ట్రాల రంగుల పటంలో మా యానాం డీలరు అమ్మకం తమిళనాడు తీరంలో వెలుగుతోంది. ఎదుర్లంక వంతెన దాటి రోజూ వెళ్లి వచ్చే ఊరిని ఏ కాలమ్‌లో ఎలా రాస్తే అక్కడే నిలుస్తుందో, చేసి చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.