రెవిట్‌లో ఒకే గదికి ఒకచోట 3600, ఇంకోచోట 3630 చూపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రెవిట్ (భవనాల ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటూ ఒక ఇంటి ప్లాన్ గీస్తున్నాను. గోడలో ఇటుక 200 మి.మీ., రెండు పక్కలా ప్లాస్టర్ 15 చొప్పున. గది లోపలి వెడల్పు 3600. పై వరుసలో కొలత సరిగ్గా అంతే వచ్చింది, కింది వరుసలో మాత్రం అదే గదికి 3630 అంటోంది. గోడలు కదల్లేదు. పైగా ఒక గోడ డిలీట్ చేసి మళ్లీ గీస్తే దాని కొలతలన్నీ మాయం. రేపు షీట్లు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. 3630 మీద డబుల్ క్లిక్ చేసి 3600 అని కొట్టబోతే ఎర్రర్ వస్తోంది. వేరే దారి ఉందా?

జవాబు:
ఆ ఎర్రర్ మీ మంచికేనండి. అక్కడ మాటలు రాయనిస్తుంది గానీ అంకె రాయనివ్వదు. దాన్ని దాటేసే చిట్కాలు చెప్పేవాళ్లుంటారు, వినకండి. రేపు గోడ జరిగినా మీరు రాసిన అంకె మాత్రం కదలదు.

నిజానికి మీ రెండు కొలతలూ కరెక్టే. 3600 ప్లాస్టర్ నుంచి ప్లాస్టర్‌కి, 3630 ఇటుక నుంచి ఇటుకకి. రెండు పక్కలా 15, 15 కలిసింది, అంతే. గోడల మధ్య గీతలు పట్టుకుని ఉంటే 3830 వచ్చేది. డి, ఐ నొక్కి అలైన్డ్ డైమెన్షన్ (కొలత వేసే టూల్) తీసుకోగానే పైన ఆప్షన్స్ బార్‌లో ఒక డ్రాప్‌డౌన్ కనిపిస్తుంది: వాల్ సెంటర్‌లైన్స్, వాల్ ఫేసెస్, సెంటర్ ఆఫ్ కోర్, ఫేసెస్ ఆఫ్ కోర్. కోర్ అంటే ప్లాస్టర్ కాకుండా లోపలి ఇటుక భాగం. ఏది కావాలో ముందే ఎంచుకోండి. క్లిక్ చేసేముందు గోడ మీద మౌస్ ఉంచి ట్యాబ్ నొక్కుతూ పోతే గీతలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ప్లాన్ డీటెయిల్ లెవెల్ కోర్స్‌లో (తక్కువ వివరం) ఉంటే పొరలు కనపడవు, ఫైన్‌కి (ఎక్కువ వివరం) మార్చుకోండి. డ్రాప్‌డౌన్ మార్చినంత మాత్రాన ముందు వేసిన కొలతలు మారవు. వాటిని ఎంచుకుని, విట్‌నెస్ లైన్ (కొలత నుంచి గోడ దాకా వెళ్లే సన్న గీత) మీది నీలం చుక్కను సరైన గీత మీదికి లాగాలి.

ఇక మాయమైన సంగతి. కొలత అతుక్కునేది ఆ గోడకే. గోడ పోతే అదీ పోతుంది. గోడ మందం మారాలంటే డిలీట్ చేయకుండా టైప్ మార్చండి.

ఇంకొకరి జవాబు:
ఏ గీత నుంచి కొలవాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు, ఆ షీటు ఎవరి చేతికి వెళ్తుందో చూసుకోవాలి. మేస్త్రీ గోడ కట్టేటప్పటికి ప్లాస్టర్ ఉండదు కదా! ఆయనకి ఇటుక కొలత కావాలి. కప్‌బోర్డులు చేసేవాళ్లకి ప్లాస్టర్ అయ్యాక మిగిలే జాగా కావాలి. నేనైతే పనికిచ్చే ప్లాన్‌లో అన్నీ ఫేసెస్ ఆఫ్ కోర్ పెట్టి, "కొలతలు ప్లాస్టర్ లేకుండా" అని షీటు మీద ఒక ముక్క రాస్తాను. ఒకే షీటులో రెండూ కలిపితే మాత్రం గొడవే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, నా గందరగోళం అదే. కానీ గదులు చాలా ఉన్నాయి. ప్రతి గోడా, ప్రతి కిటికీ క్లిక్ చేయాల్సిందేనా?

జవాబు:
అక్కర్లేదు. అదే బార్‌లో పిక్ దగ్గర ఇండివిడ్యువల్ రిఫరెన్సెస్ బదులు ఎంటైర్ వాల్స్ పెట్టండి. పక్కనున్న ఆప్షన్స్ బటన్‌లో ఓపెనింగ్స్, ఇంటర్‌సెక్టింగ్ వాల్స్ టిక్ చేయండి. ఇప్పుడు బయటి గోడ మీద ఒక్క క్లిక్ చేస్తే తలుపులు, కిటికీలు, అడ్డుగోడలు అన్నీ ఒకే వరుసలో వచ్చేస్తాయి. ఏదైనా ఎక్కువైతే ఎడిట్ విట్‌నెస్ లైన్స్ తీసుకుని దాని మీద క్లిక్ చేస్తే తొలగిపోతుంది, లేనిదాని మీద క్లిక్ చేస్తే చేరుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పనైంది! ఒక్కటే మిగిలింది. మూడు సమాన భాగాలు 1233 చొప్పున, మొత్తం మాత్రం 3700. కూడితే 3699 కదా?

జవాబు:
ఒక్కో భాగం నిజంగా 1233.33, చుట్టేసి చూపిస్తోంది. డైమెన్షన్ టైప్ ప్రాపర్టీస్‌లో యూనిట్స్ ఫార్మాట్‌కి వెళ్లి, యూజ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్ టిక్ తీసి, రెండు దశాంశాలు పెడితే కనిపిస్తుంది. కట్టేవాళ్లకి ఆ దశాంశాలతో పనిలేదు కాబట్టి రెండు భాగాలు 1233, ఒకటి 1234 అయ్యేలా గోడనే జరపండి.