బాధలో ఉన్నవాళ్ళ దగ్గర ఎలా ఉండాలి? కొంచెం చెప్పండి

అందరికీ వందనాలండి. నాతో పనిచేసే ఒక అక్క భర్తకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది, మొన్న లిఫ్ట్ దగ్గర కనిపించింది, చేతిలో మందుల కవరు నలిగిపోయి ఉంది, అన్నకి ఎలా ఉందక్కా అంటే పెదవి వణికింది అంతే, నేనేమో ప్రార్థన చేస్తానక్కా అనేసి వచ్చేశాను. రాత్రికి మర్చిపోయాను. అప్పట్నుంచి మనసు ఒకటే పీకుతోంది.

బైబిల్లో లూకా సువార్త 10వ అధ్యాయంలో, దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని యాజకుడు, లేవీయుడు (గుడిలో సేవ చేసేవాడు) కూడా చూశారు కదండీ, చూసే పక్కనుంచి వెళ్ళిపోయారు, యూదులకి పడని సమరయుడు మాత్రం ఆగి నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టి, పూటకూళ్ళవాడికి రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చి మళ్ళీ వస్తానన్నాడు. ఆ మళ్ళీ రావడమే నాకు చేతకావట్లేదు. చనిపోయిన స్నేహితుడు లాజరుని బ్రతికించి లేపబోతున్నానని తెలిసీ యేసయ్య ఏడ్చాడు, నాకేమో ఎదుటివాళ్ళు ఏడిస్తే గబగబా ఒక వాక్యం చెప్పేసి కదిలిపోవాలనిపిస్తుంది. అన్నీ పోగొట్టుకుని బాధలో ఉన్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా నోరు మెదపకుండా కూర్చున్న ఆ 7 రోజులే నిజంగా తోడున్నారేమో.

ఉద్యోగం, పిల్లలు చూసుకుంటూ ఈ కనికరం రోజూ ఎలా అలవాటు చేసుకున్నారండి మీరు? పేర్లు రాసుకుని ప్రార్థిస్తారా? ఇంటికెళ్తే ఏం మాట్లాడతారు, ఊరికే పక్కన కూర్చున్నా పర్లేదా? ఆదివారం వాళ్ళింటికి వెళ్దామనుకుంటున్నా, ఈలోపు చెప్పండి ప్లీజ్.