పెద్ద స్వచ్ఛంద సంస్థలకు మనం ఇచ్చే విరాళం చివరికి ఎక్కడికి చేరుతోంది? విశాఖలో ఉన్నవారు చెప్పగలరా?

మర్రిపాలెం వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈ ప్రశ్న మా అమ్మగారి తరఫున అడుగుతున్నాను. ఆమె టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పెన్షన్ అందగానే ఎంతో కొంత దానం చేయడం ఆమెకు మొదటినుంచీ అలవాటు. గత ఏడాది మద్దిలపాలెంలో ఒక మాల్ ద్వారం దగ్గర, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్ ఉన్న ఒక అమ్మాయి ఆమెను ఆపి, దేశమంతటా పేరున్న ఒక బాలల సంస్థ గురించి చెప్పింది. అమ్మ 500 రూపాయలు ఇవ్వబోతే, ఒక్కసారి ఇచ్చే విరాళం తీసుకోవడం లేదని, నెలకు 800 చొప్పున బ్యాంకు ఖాతా నుంచి వెళ్లే ఏర్పాటుకు ఒప్పుకుంటేనే పిల్లలకు మేలు జరుగుతుందని ఆ అమ్మాయి అన్నదట. ఎండలో నిలబడి అంత మర్యాదగా అడుగుతున్న పిల్లకు కాదని చెప్పలేక అమ్మ సంతకం పెట్టేశారు.

ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. ఎక్కడ వరద వచ్చినా ఫోన్, ఎక్కడ కరువు వచ్చినా ఫోన్, పండుగలకు ఫోన్. ఇంకో 300 పెంచమని అడుగుతారు. కొరియర్‌లో ఒక మందపాటి కవరు వచ్చింది. అందులో నున్నటి కాగితంపై రంగుల్లో అచ్చువేసిన పత్రిక, ఒక క్యాలెండరు, ఒక కీచైన్ ఉన్నాయి. ఇవన్నీ ఎవరి డబ్బుతో వచ్చాయని అమ్మే నన్ను అడిగారు. ఈ మధ్య ఒకరోజు, ఇక ఇవ్వలేనని ఆమె చెప్పినప్పుడు, "మీరు ఆపేస్తే ఒక పాప చదువు ఆగిపోతుంది, ఆలోచించుకోండి" అని అవతలివారు అన్నారు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

ఆ 800 రూపాయలలో పిల్లలకు చేరేదెంత, సేకరణకు పోయేదెంత అని సంస్థకు ఈమెయిల్ పంపితే, 85 శాతం కార్యక్రమాలకే ఖర్చు చేస్తున్నామని చెప్పే ఒక రంగుల బొమ్మ జవాబుగా వచ్చింది. నేనడిగింది అది కాదు. దానం చేసేవారికి తమ డబ్బు సంగతి తెలుసుకునే హక్కు ఉందా లేదా? ఉంటే ఎక్కడ చూడాలి? పెద్ద సంస్థలకు ఇవ్వడం పూర్తిగా మానేయడమే సరైనదా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

ద్వారకానగర్ పద్దులు

మర్రిపాలెం వాసి గారికి నమస్కారం. నేను వృత్తిరీత్యా ఆడిటర్‌ను. కొన్ని ట్రస్టుల, సొసైటీల లెక్కలు చూస్తుంటాను. మీకు వచ్చిన జవాబులోని 85 శాతం అనే అంకె దగ్గరే చాలామంది దాతలు పొరబడుతున్నారు కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. ఆదాయపన్ను మినహాయింపు పొందే ధర్మసంస్థ ఏదైనా తన ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతాన్ని తన ఆశయాల కోసం వినియోగించాలన్నది చట్టం పెట్టిన షరతు. మిగిలిన 15 శాతాన్ని కూడబెట్టుకోవచ్చు. అంటే 85 శాతం ఖర్చు పెట్టడమన్నది మినహాయింపు నిలుపుకోవడానికి కావలసిన కనీస అర్హత మాత్రమే. పైగా ఆ వినియోగంలో కార్యాలయపు అద్దె, అధికారుల జీతాలు, ప్రకటనల బిల్లులు, విరాళాలు సేకరించి పెట్టే ఏజెన్సీకి కట్టిన రుసుము కూడా కలిసి ఉండవచ్చు. మీకు పంపిన బొమ్మలో ఉన్నది ఈ చట్టపరమైన 85 శాతమా, లేక క్షేత్రంలో నిజంగా పెట్టిన ఖర్చా అన్నది వారినే సూటిగా అడగండి.

ఇంకొక విషయం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010లో వచ్చినప్పుడు, అలా వచ్చిన సొమ్ములో పరిపాలనకు 50 శాతం మించి వాడకూడదని చెప్పింది. 2020 సవరణ ఆ పరిమితిని 20 శాతానికి తగ్గించింది. ఆసుపత్రిలో వైద్యుల జీతం, బడిలో ఉపాధ్యాయుల జీతం వంటివి ఈ పరిపాలన ఖర్చు కిందికి రావు కాబట్టి అది మరీ అన్యాయమైన గీత కూడా కాదు. కానీ మన దేశంలో మనం ఇచ్చే విరాళాల విషయంలో ఆదాయపన్ను చట్టం అలాంటి గీత ఏదీ గీయలేదు. విదేశం నుంచి వచ్చిన డాలరుకు ఉన్న ఆ మాత్రపు కాపలా మీ అమ్మగారి పెన్షన్ రూపాయికి లేదు.

ఇక ఎక్కడ చూడాలన్న ప్రశ్న. వార్షిక నివేదిక పేరుతో వచ్చే ఫోటోల పుస్తకాన్ని పక్కన పెట్టి, ఆడిట్ అయిన ఆదాయ వ్యయాల పట్టికను దాని అనుబంధ షెడ్యూళ్లతో సహా పంపమని అడగండి. విరాళాల సేకరణ ఖర్చు విడిగా ఒక వరుసలో కనబడితే ఆ సంస్థ కొంతవరకు నిజాయితీగా ఉన్నట్టు భావించవచ్చు. అది లేకపోతే 'ప్రొఫెషనల్ ఫీజులు', 'కమ్యూనికేషన్', 'ప్రజల్లో అవగాహన' వంటి పద్దులను చూడండి. మాల్ ముందు నిలబడి చందా అడగడాన్ని అవగాహన కార్యక్రమంగా రాసి, కార్యక్రమాల ఖర్చులో కలిపిన లెక్కలు నా కంటబడ్డాయి. బ్యాలెన్స్ షీటులో ఫిక్సెడ్ డిపాజిట్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. వరద వచ్చిన వారం అత్యవసరమని అడిగిన సొమ్ము ఏళ్ల తరబడి బ్యాంకులో నిలవ ఉంటే దానికి కారణం అడగవలసిందే.

సంస్థ కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద, అంటే లాభాపేక్ష లేని కంపెనీగా, నమోదైనదైతే, కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయల రుసుము కట్టి ఎవరైనా దాని లెక్కలు చూడవచ్చు. ట్రస్టు అయితే అంత సులువు కాదు. మహారాష్ట్రలో 1950 నాటి చట్టం కింద చారిటీ కమిషనర్ అనే అధికారి ఉన్నారు. మన రాష్ట్రంలో దేవాదాయ శాఖ పరిధిలోకి రాని ట్రస్టులపై ఒక దాత ఫిర్యాదు చేసుకోవడానికి అటువంటి కార్యాలయం లేదు. ఈ లోటు గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

పన్ను మినహాయింపు మాట కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మాల్ దగ్గర ముందుగా చూపించే ఆశ అదే. 80జీగా పేరుపడిన విరాళాల మినహాయింపు కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి వర్తించదు. పాత విధానంలో ఉన్నవారికి కూడా ఎక్కువ సంస్థల విషయంలో ఇచ్చినదానిలో సగమే ఆదాయం నుంచి తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారు 10,000 రూపాయలు ఇస్తే పన్నులో మిగిలేది సెస్సుతో కలిపి 1,040 రూపాయలు. నగదుగా 2,000కు మించి ఇచ్చిన దానికి ఏమీ రాదు. సంస్థ మీ పాన్ నంబరుతో 10బీఈగా పేరుపడిన విరాళ ధ్రువపత్రం ఇచ్చిందో లేదో చూసుకోండి. అది ఇవ్వని సంస్థ రశీదును నమ్ముకోకండి.

పాత హెడ్‌సెట్

మీ అమ్మగారికి ఫోన్ చేసినవారు ఆ సంస్థ ఉద్యోగులు కాకపోవడానికే అవకాశం ఎక్కువ. డిగ్రీ అయిన కొత్తలో నేను సిరిపురం దగ్గర ఇలాంటి ఏజెన్సీ ఒకదానిలో కొంతకాలం పనిచేశాను. ఒకే గదిలో ఒక వరుస కళ్ల ఆసుపత్రి తరఫున, ఇంకో వరుస పిల్లల సంస్థ తరఫున మాట్లాడేది. తెరమీద దాత పేరు, వయసు, చివరిసారి ఇచ్చిన మొత్తం కనబడేవి. పెద్ద వయసువారి పేర్లు మధ్యాహ్నం పూట ఇచ్చేవారు, ఎందుకంటే ఆ సమయంలో వారు ఇంట్లో ఒంటరిగా ఉంటారు, ఫోన్ మధ్యలో పెట్టేయరు. మొదటిసారి కాదంటే మొత్తం తగ్గించి అడగాలి, రెండోసారి కాదంటే పిల్లల ప్రస్తావన తేవాలి, మూడోసారి కూడా కాదన్న తర్వాతే ధన్యవాదాలు చెప్పాలి. మీ అమ్మగారు విన్న ఆ "చదువు ఆగిపోతుంది" అన్న వాక్యం ఆ కాల్ చేసిన వ్యక్తి సొంత మాట అయ్యుండదు, ఎదురుగా అంటించిన కాగితంలోది అయ్యుంటుంది.

మాకు ప్రోత్సాహకం ఎన్ని ఖాతాలు చేర్చామన్న దానిమీదే లెక్కించేవారు. చేరిన దాత తొలి నెలల్లోనే మానేస్తే అది కోత పడేది. కాబట్టి ఒక్కసారి ఇస్తానన్న 500 రూపాయలను ఎందుకు వద్దన్నారో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. ఆ 500 వల్ల ఏజెన్సీకి ఏమీ రాదు.

ప్రకటనల ప్రమాణాల మండలి 2023లో ధర్మకార్యాల ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. సాయం చేయనివారు సిగ్గుపడాలన్నట్టుగా ప్రకటన ఉండకూడదని, బాధితుల, ముఖ్యంగా పిల్లల గౌరవానికి భంగం కలిగించే దృశ్యాలు చూపకూడదని అవి చెబుతున్నాయి. కానీ ఫోన్‌లో నడిచే మాటలను వినేదెవరు? మీకు ఫోన్ వస్తే మొదట ఒకటే అడగండి: మీ జీతం ఆ సంస్థ ఇస్తోందా, ఏజెన్సీ ఇస్తోందా? అవతల మాట్లాడే కుర్రకారును మాత్రం కసురుకోకండి. వారిలో చాలామందికి ఆ జీతంతోనే ఇల్లు గడుస్తుంది.

ఘాట్ రోడ్డు పైన

నేను పాడేరు ప్రాంతంలో ఒక చిన్న సంస్థలో ఆరోగ్య కార్యక్రమాలు చూస్తాను. పై ఇద్దరు చెప్పినవాటితో ఏకీభవిస్తూనే, ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. 'జీతాలకే పోతోంది' అన్న ఆరోపణ విన్న ప్రతిసారీ నాకు కష్టంగా ఉంటుంది. రోడ్డు లేని ఊరినుంచి ఒక గర్భిణిని డోలీలో మోసుకువచ్చే పరిస్థితి రాకుండా నెల ముందే ఆమెను కిందికి తీసుకురావాలంటే, ఆ ఇంటివారితో కువి భాషలో మాట్లాడగలిగిన ఒక కార్యకర్త ఉండాలి, ఆమె పదేపదే ఆ కొండ ఎక్కాలి. మా ఖర్చులో పెద్ద భాగం అలాంటివారి జీతం, జీపు డీజిల్. బియ్యం మూటలు పంచితే ఫోటో బాగా వస్తుంది, లెక్కలో కూడా అందంగా కనబడుతుంది, కానీ మా పని మనుషులతో నడిచేది.

అయినా పెద్ద సంస్థల మీద నాకూ ఫిర్యాదు ఉంది. ఒక ఊళ్లో గ్రావిటీ పథకం (కొండమీది నీరు పైపులో తానే కిందికి దిగివచ్చే ఏర్పాటు) కింద మూడు కుళాయిలు పెట్టించిన ఒక సంస్థ, వాటి పక్కన సిమెంటు దిమ్మె కట్టి, రెండు భాషల్లో తన పేరుతో బోర్డు నిలబెట్టింది. వానాకాలంలో కొండమీద పైపు జారిపోయి నీళ్లు ఆగిపోయాయి. మరమ్మతుకు రమ్మని ఫోన్ చేస్తే ఆ ప్రాజెక్టు కాలం ముగిసిందన్నారు. ఊరివారే వెదురు కట్టి పైపు నిలబెట్టుకున్నారు. బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు.

పద్దులు గారు 2020 సవరణ గురించి చెప్పారు కాబట్టి అందులోని రెండో భాగం కూడా చెప్పాలి. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు ఇవ్వడాన్ని ఆ సవరణ నిషేధించింది. పెద్ద సంస్థల నుంచి మాలాంటి చిన్నవాటికి వచ్చే ఆ కాస్త నిధి దానితో ఆగిపోయింది. డబ్బు, పేరు, ప్రచారం అన్నీ పైనే మిగిలిపోవడానికి అదొక కారణం.

పెదజాలారిపేట

నా అభిప్రాయం మీ అందరికంటే కటువుగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఇంటి పైకప్పును, మా బాబాయి పడవను తీసుకుపోయింది. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, పాల ప్యాకెట్ దొరికితే అదృష్టం. అప్పుడు మా వీధికి మొదట వచ్చింది పక్క కాలనీ కుర్రాళ్లు, రెండు క్యాన్ల నీళ్లతో. పెద్ద పేర్లున్న బ్యానర్లు ఆ తర్వాత బీచ్ రోడ్డు వరకు వచ్చాయి, లోపలి సందుల్లోకి రాలేదు. ఇది మన దేశానికే పరిమితమని కూడా నేననుకోను. 2010లో హైతీ భూకంపానికి అమెరికన్ రెడ్‌క్రాస్ 50 కోట్ల డాలర్లకు దగ్గరగా విరాళాలు సేకరించిందని, శాశ్వతంగా కట్టిన ఇళ్లు ఆరు మాత్రమేనని 2015లో అమెరికా పాత్రికేయులు బయటపెట్టారు. లక్షమందికి పైగా నివాస సాయం అందించామని ఆ సంస్థ చెప్పుకుంది. ఆ సాయంలో ఏమేమి కలిపి లెక్కించారన్నదే అసలు ప్రశ్న.

అందుకే మర్రిపాలెం వాసి గారూ, మీ అమ్మగారిని డాబాగార్డెన్స్‌లో అనాథలకు, వృద్ధులకు ఆశ్రయమిచ్చే ప్రేమసమాజానికి ఒకసారి తీసుకువెళ్లండి. లేదా కేజీహెచ్ ప్రభుత్వ ఆసుపత్రిలో రోగులకు తోడుగా వచ్చి, వరండాలో పడుకునేవారికి ఒక పూట భోజనం పెట్టించండి. కళ్లతో చూసి ఇవ్వగలిగిన చోటే ఇవ్వండి.

ఘాట్ రోడ్డు పైన

పెదజాలారిపేట గారూ, మీ కోపం న్యాయమైనది. కానీ అందరూ చూడగలిగిన చోటే ఇస్తే, ఎవరూ చూడలేని ఊళ్లకు ఎవరిస్తారు? మా ఊళ్లకు దాతలు నడిచి రాలేరు కనుకనే మధ్యలో ఒక సంస్థ కావాలి, ఆ సంస్థ లెక్క చెప్పాలి.

మర్రిపాలెం వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఏజెన్సీ సంగతి విన్నాక ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ నెలసరి ఏర్పాటు ఆపేయమన్నారు. ఆ మొత్తంలో కొంత ప్రేమసమాజానికి, మిగిలింది కొండమీద పనిచేసే ఒక సంస్థకు ఇవ్వాలని ఆమె కోరిక. అయితే ఆ రెండో సంస్థ నుంచి షెడ్యూళ్లతో సహా లెక్క తెప్పించుకున్నాకే ఇస్తారట. పాత సంస్థకు కూడా సేకరణ ఖర్చు ఎంతో, ఏజెన్సీకి ఎంత కట్టారో ఈసారి ఉత్తరం ద్వారా అడుగుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఆపమని సంస్థకు ఫోన్ చేస్తే, రద్దు కావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. నిజమేనా?

ద్వారకానగర్ పద్దులు

వారి అనుమతి కోసం ఆగనక్కరలేదు. యూపీఐ ద్వారా పెట్టినదైతే అదే యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి మీరే రద్దు చేయవచ్చు. కార్డు మీద పెట్టినదైతే డబ్బు వెళ్లడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు సందేశం పంపాలి, ఆ సందేశం నుంచే ఆపుకునే వీలుంటుంది. ఖాతా మీద సంతకంతో ఇచ్చిన నాచ్ మాండేట్ (నెలనెలా డబ్బు తీసుకోవడానికి బ్యాంకు ద్వారా ఇచ్చే అనుమతి) అయితే నెట్ బ్యాంకింగ్‌లో చూడండి, లేదా బ్రాంచికి వెళ్లి రద్దు కోరుతూ దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మాండేట్ నంబరు పాస్‌బుక్‌లో ఆ 800 పడిన వరుసలో ఉండవచ్చు, లేకపోతే బ్రాంచివారు చూసి చెబుతారు.